కండెమ్ అయిన సెంటర్ ఫార్వర్డు

రాష్ట్ర ఫుట్‌బాల్ లీగులో ఎనిమిది జట్లుంటే నల్లబండ జట్టు వరుసగా మూడో ఏడు కూడా నాలుగో స్థానంలోనే నిలిచింది. దీనివల్ల ఊళ్ళో ఎవరికీ అన్నం సహించకపోవడం అంటూ జరగలేదు. బొగ్గుబావిలో షిఫ్టు దిగి, ఒళ్ళు రుద్దుకుని స్నానం చేసి, పల్లీల పొట్లంతో మైదానం గట్టు మీద చేరేవాళ్ళకి మనవాళ్ళు ఆడితే చాలు. గెలిస్తే మరీ మంచిది. అన్నం సహించనిది ఒక్క దామోదరరావుగారికి.

దామోదరరావుగారు నల్లబండ క్రీడా సంక్షేమ మండలికి చైర్మన్. అంతకుముందు ఉద్యోగమంతా కొనుగోళ్ళ విభాగంలో చేసి రిటైరయ్యారు. బోల్టు దగ్గర్నుంచి బుల్‌డోజరు దాకా ఆయన కొననిది లేదు. వాటిలో దేన్నీ నడిపి ఎరగరు, కొని మాత్రమే ఎరుగుదురు. చవకగా కొన్నది విరుగుతుంది, ఖరీదు పెట్టి కొన్నది నిలుస్తుంది అన్నది ఆయన ఉద్యోగం ఆయనకు నేర్పిన వేదాంతం. ఆటగాళ్ళకు ఇది వర్తించదని ఎవరూ ఆయనకు చెప్పలేదు. చెప్పవలసినవాళ్ళకు మీటింగులో కుర్చీ చివరి వరసలో ఉండేది.

ఆ చివరి కుర్చీలో కూర్చునేవాడు పోశెట్టి. జట్టుకు కోచ్. మెడలో విజిల్ తీసేస్తే చొక్కా విప్పినట్టు ఉంటుందని మీటింగుకూ దాంతోనే వచ్చేవాడు.

ఆ రోజు మీటింగుకు హైదరాబాదు నుంచి ఫణీంద్ర అనే సలహాదారుణ్ణి రప్పించారు. అతను గోడ మీద ఒక గీతల బొమ్మ వేసి చూపించాడు. ఒక గీత ఖర్చు, ఇంకొకటి గెలుపు. రెండూ చెట్టాపట్టాలేసుకుని పైకి పోతున్నాయి.

"సర్, అమెరికాలో ప్రొఫెషనల్ లీగుకు కూడా ఇదే ప్రశ్న. ఇంకా ఎక్కువ ఖర్చు పెట్టి మేటి ఆటగాళ్ళను రప్పించాలా, వద్దా అని. ఏళ్ళ తరబడి చర్చ నడుస్తోంది" అన్నాడు ఫణీంద్ర.

"అంటే వాళ్ళింకా చర్చలోనే ఉన్నారన్నమాట" అన్నారు దామోదరరావుగారు, ఎంతో తృప్తిగా. "మనం తీర్మానం చేసేద్దాం. అమెరికా కన్నా ఒక అడుగు ముందుంటాం."

పోశెట్టి లేచి నిలబడ్డాడు. "సార్, పైసలు పెట్టొద్దని నేనంటలేను. మంచిగ ఆడెటోడొస్తే నాకూ సంబురమే. గని సెంటర్ ఫార్వర్డు మనకున్నడు గద. సైదులు. ఆని కాలుకు బంతి తగిల్తె గోలే."

"సైదులుకు మనం ఎంత ఇస్తున్నాం?"

"రెండు జతల బూట్లు, మ్యాచ్ ఉన్నరోజు బిర్యానీ సార్."

దామోదరరావుగారు జాలిగా నవ్వారు. "అయ్యా పోశెట్టీ, నువ్వే ఆలోచించు. బిర్యానీకి వచ్చేవాడు మేటి ఆటగాడు ఎలా అవుతాడు?"

సైదులు గోల్స్ కొడతాడని పోశెట్టి చెప్పగలడు కాని, బిర్యానీ తింటూ ఎలా కొడతాడో విడమరిచి చెప్పగల శక్తి అతనికి లేదు. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. ఆటగాని నాణ్యత అతని ధరను బట్టి నిర్ణయింపబడును. జట్టు ఎంపిక ఇకమీదట జీతాల క్రమంలో అకౌంట్స్ సెక్షను వారిచే జరుపబడును.

వచ్చిన మొదటి మేటి ఆటగాడు వాలెంటే. సముద్రాల అవతలి మనిషి. ఒకప్పుడు పెద్ద పెద్ద దేశాల్లో ఆడాడు. ఆ ఒకప్పుడు గడిచి చాలా కాలమైందని అతని మోకాళ్ళు చెబుతున్నా, ధర మాత్రం చెప్పలేదు. డప్పులతో ఎదురెళ్ళి, ఓపెన్ టాప్ జీపులో ఊరేగించి తెచ్చారు. ఆ జీపు నడిచినంతసేపూ నల్లటి పొగ వదిలింది. వాలెంటే పాపం మంచివాడు, దగ్గుతూనే అందరికీ చేయి ఊపాడు.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. ఇంత ధర పెట్టి కొన్నదాన్ని ఖర్చు కింద రాయకూడదు, స్థిరాస్తి కింద రాయాలి అన్నారు దామోదరరావుగారు. స్థిరాస్తి అన్నాక తెల్లరంగుతో నంబరు పడాలి. స్టోర్సు చూసే అంకూస్ బ్రష్షు పట్టుకుని వచ్చాడు. బీరువాకైతే వెనక, కుర్చీకైతే కింద రాయడం అతనికి అలవాటు. సెంటర్ ఫార్వర్డుకు ఎక్కడ రాయాలో తెలియక కాసేపు చుట్టూ తిరిగి, చివరికి చొక్కా వీపు మీద రాసి పోయాడు. వాలెంటే పరుగు చూశాక, స్థిరాస్తి అన్న మాట సరిగ్గానే కుదిరిందని పోశెట్టి అనుకున్నాడు.

మొదటి మ్యాచ్‌లోనే వాలెంటే కాలు మైదానంలో గుంతలో పడి చీలమండ బెణికింది. మామూలు ఊళ్ళో అయితే గుంత పూడ్చేవారు. నల్లబండలో మీటింగు పెట్టారు. మండలి ఆస్తికి వాటిల్లిన నష్టానికి బాధ్యులెవరు?

"వస్తువు వాడుకలో పెట్టడం చేతనే కదా నష్టం జరిగింది" అన్నారు దామోదరరావుగారు. "సదరు ఆటగాణ్ణి ఆడించకుండా ఉంటే నష్టం జరిగేదా? చెప్పు పోశెట్టీ."

"జరగకపోవు సార్."

"నువ్వే ఒప్పుకున్నావు. రాసుకోండి. విలువైన ఆటగాళ్ళను ఆటలోకి దించడం నిధుల దుర్వినియోగంగా పరిగణింపబడును."

"అద్భుతం సర్" అన్నాడు ఫణీంద్ర. "ఆడకపోతే బ్రాండ్ విలువ అస్సలు తరగదు."

ఆనాటి నుంచి టచ్‌లైన్ పక్కన షామియానా వేసి, అందులో ఎర్ర వెల్వెట్ కుర్చీ వేసి, వాలెంటేను కూర్చోబెట్టారు. జనం వచ్చి సెల్ఫీలు దిగారు. మ్యాచ్‌లు మాత్రం పోయాయి. సైదులు ఏమయ్యాడంటే, జీతాల క్రమంలో అతని పేరు నీళ్ళ డ్రమ్ము మోసే మనిషికి కూడా కిందికి పోయింది. ఆ మనిషికి జీతం ఉంది మరి. అతను ఒకసారి లెఫ్ట్ వింగులో ఆడాడు కూడా. ఒప్పందం ముగిసి తన దేశం పోయే ముందు వాలెంటే పోశెట్టి భుజం మీద చేయి వేసి, బెంచీ మీద కూర్చున్న సైదులును చూపించి, తన కుర్చీని చూపించి, బాధగా తల అడ్డంగా ఊపాడు. అతని భాష పోశెట్టికి రాదు కాని ఆ మాట అర్థమైంది.

పోశెట్టికి పెళ్ళాం, బిడ్డలు, ఇల్లు, అప్పూ అన్నీ ఉన్నాయి. అయినా ఆ ఏడంతా అతనికి దిగులు సైదులు గురించే. వాడు బంతి తీసుకుని గోలు వైపు తిరిగితే గట్టు మీద జనం పల్లీలు నమలడం ఆపేవారు. అది చూడడానికే పోశెట్టి బతుకుతున్నాడంటే అబద్ధం కాదు. అలాంటి కాళ్ళు బెంచీ కింద ఊగుతున్నాయి. కాళ్ళకు వయసు ఆగదు.

అప్పుడు పోశెట్టికి ఒక ఉపాయం తట్టింది. అదే అతను చేసిన పొరపాటు. ధర లేనివాడు ఆటగాడు కాదంటున్నారు గనక, సైదులుకు ధర వచ్చేలా చూస్తే సరి. సిరివరం జట్టు కోచ్ అతని పాత దోస్తు. సైదులును అక్కడికి పంపించాడు.

"ఒక్క ఏడాది ఆడనియ్యి. మావోళ్ళొచ్చి అడిగితే తక్కువ చెప్పకు. నోరు పెద్దగ తెరువు" అని మరీ మరీ చెప్పి పంపాడు.

సైదులు సిరివరంలో ఆకలి మీదున్నవాడిలా ఆడాడు. పేపర్లో ఫొటో పడింది. ఫణీంద్ర గీతల బొమ్మలో కొత్త చుక్కగా వెలిశాడు. ఏడాది తిరిగేసరికి నల్లబండ మండలి సిరివరం వెళ్ళి, వాళ్ళు నోరు తెరిచినంత ధరా పెట్టి, ఇంకాస్త కలిపి మరీ సైదులును కొనుక్కొచ్చింది.

"ఏం ఆటగాడయ్యా!" అన్నారు దామోదరరావుగారు కాగితాల మీద సంతకాలు పెడుతూ. "ఇలాంటివాడు మన ఊళ్ళో ఒక్కడూ పుట్టడేం?"

"మనూరోడే సార్. బస్టాండ్ ఎన్కనే ఇల్లు. నేను చెప్పిన సైదులే గీడు."

దామోదరరావుగారు చప్పున పెన్ను ఆపి, తలుపు వైపు చూసి, గొంతు తగ్గించారు. "ఆ మాట బయట అనకు. ధర పడిపోతుంది."

పోశెట్టి ఆనందానికి అవధుల్లేవు. "రేపు మొదటి మ్యాచ్‌లనే దించుత సార్."

"దించడమా?" చైర్మన్‌గారి కనుబొమలు జుట్టులోకి పోయాయి. "నీకేమైనా మతి తప్పిందా? వాలెంటే కన్నా పెద్ద రేటు పెట్టి తెచ్చాం. గీత పడితే ఎవడు జవాబుదారీ?"

అంకూస్ అప్పటికే తెల్లరంగు డబ్బా మూత తీస్తున్నాడు.

అలా సైదులు వెల్వెట్ కుర్చీలోకి వచ్చాడు. కోటు తొడిగారు. మెడలో దండ వేశారు. ఎదురుగా మనవాళ్ళు ఓడిపోతుంటే ఆ దండ సర్దుకుంటూ కూర్చోవడమే అతని పని. మొదటి మ్యాచ్‌లో బంతి దొర్లుకుంటూ షామియానాలోకి వచ్చింది. సైదులు కాలు దానంతటది లేచింది.

"కాలు! కాలు!" అని అరిచారు దామోదరరావుగారు, పసిపిల్ల బావి అంచుకు పోతే అరిచినట్టు.

సైదులు కాలు దించి, వంగి, బంతిని రెండు చేతులతో ఎత్తి పక్కవాడికి అందించాడు. గట్టు మీద ఎవరో నవ్వారు. పోశెట్టి అటు చూడలేకపోయాడు.

అలా కొన్ని నెలలు కూర్చున్నాక, ఒకనాడు మ్యాచ్ అవగానే సైదులు పోశెట్టిని పట్టుకున్నాడు. "కాకా, సిరివరంల ఆడుకుంటుంటి గద. నన్నెందుకు తోల్కొచ్చినవ్?"

"నిన్ను గిక్కడ ఆడిపిద్దామనే బిడ్డా."

"మా అమ్మ అంటది, పైసలొస్తున్నయ్ గద కూసోరా అని. కూసుంటున్న. గని కాకా, నిన్న అద్దంల చూస్కుంటే పొట్టొచ్చింది నాకు." సైదులు కోటు గుండీ లాగి చూపించాడు. "ఇంకో ఏడాది గిట్లనే కూసుంటే నువ్వు దించినా నేను ఉరకలేను. జీతం వాపస్ తీస్కోమను. నన్ను దింపు."

పోశెట్టి తన చేత్తో తనే వాణ్ణి తెచ్చి ఆ కుర్చీలో కుదేశాడు. బంతులు లోపల పెట్టే వంకతో స్టోర్సు షెడ్డుకు పోయాడు.

షెడ్డులో కొత్త కుర్చీలు ప్లాస్టిక్ కవర్లతో సహా పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. వాటి మీద ఎవరూ కూర్చోగా పోశెట్టి చూడలేదు. అంకూస్ కూర్చున్నది ఒక చెయ్యి విరిగిన కుర్చీలో. దాని వీపు మీద ఎర్రరంగుతో 'కండెమ్' అని రాసి ఉంది. మూల తిరుగుతున్న ఫ్యాను మీదా అదే మాట. వాచ్‌మన్ పడుకున్న మంచం మీదా అదే. బయట నిలబడ్డ జీపు, వాలెంటేను ఊరేగించిన ఆ జీపు, కండెమ్ అయి ఎన్నేళ్ళయిందో అంకూస్‌కే గుర్తులేదు. మండలిలో నడిచేది అదొక్కటే. కొత్త జీపు తాళం చైర్మన్‌గారి బీరువాలో భద్రంగా ఉంది.

పోశెట్టి చేతిలో బంతులు అలాగే ఉండిపోయాయి. "అంకూసన్నా, కండెమ్ అయినదాన్ని ఎవరన్నా వాడుకోవచ్చా?"

"ఎవ్వడన్న వాడుకోవచ్చు. ఎవ్వడు అడగడు. పనికిరాదని కాయితం అయినంక ఇగ అడిగేదేముంటది? మన మండలిల పనికొచ్చేటియన్నీ పనికిరానియ్యే."

"కండెమ్ చేయాల్నంటే ఏం జేయాలె?"

"సాంకేతిక నిపుణుడు లోపం రాసియ్యాలె. జీపుకు మెకానిక్ రాసిచ్చినట్టు. తర్వాత కమిటీ చూసి సంతకం పెడతది."

"మరి ఆటగానికి సాంకేతిక నిపుణుడెవరు?"

అంకూస్ తల ఎత్తి పోశెట్టి మెడలోని విజిల్ వైపు చూశాడు.

కండెమ్ కమిటీ షెడ్డులోనే కూడింది. దామోదరరావుగారు, ఫణీంద్ర, అంకూస్. పనికిరాని సామానంతా వరసగా పెట్టారు. రెక్క లేని ఫ్యాను, కాలు లేని బల్ల, నీళ్ళు కారే కూలరు, దాని పక్కన కోటు విప్పిన సైదులు. కమిటీ ఒక్కొక్కటే తట్టి చూసుకుంటూ వచ్చింది. దామోదరరావుగారు పెన్నుతో సైదులు మోకాలి చిప్ప మీద కొట్టి చూశారు. టక్కుమంది.

"ఇది మొన్నమొన్ననే కొన్నాం కదయ్యా. అప్పుడే లోపమేమిటి?"

పోశెట్టి జీవితంలో అబద్ధం ఆడి నిలదొక్కుకున్నవాడు కాదు. తీరా నోరు తెరిస్తే అబద్ధం అక్కరే లేకపోయింది.

"కుదురుగ కూసోడు సార్."

"అంటే?"

"కాళ్ళు ఆగయి. గంట కూసోబెడితే కుర్చీ కదిలిపోతది. ఇప్పటికే ఎల్వెట్ కుర్చీలు రెండు ఇరిగినయ్. బంతి కనవడితే లేస్తడు. ఎంత చెప్పినా లేస్తడు. మీరు సూడలేదా సార్?"

దామోదరరావుగారికి ఆ కాలు లేవడం గుర్తొచ్చి ఒళ్ళు జలదరించింది. "చూశాను, చూశాను. ప్రమాదకరం. బాగుచేయించడానికి వీలవుతుందా?"

"పుట్టుక నుంచీ ఉన్న లోపం సార్."

"డిస్‌ప్లే స్థిరత్వం లేదు సర్" అన్నాడు ఫణీంద్ర గంభీరంగా. "ఉంచుకుంటే మన ఎకోసిస్టమ్‌కే రిస్కు."

దామోదరరావుగారు నిట్టూర్చి కాగితం మీద సంతకం పెట్టారు. ఆయన సంతకం పెద్దది, అందమైనది, చివర రెండు గీతలు లాగుతారు. అంకూస్ ఈసారి ఎర్రరంగు డబ్బా తీశాడు. సైదులు నవ్వు ఆపుకోలేక వీపు తిప్పాడు.

నిబంధన ప్రకారం వేలం వేశారు. విరిగిన కుర్చీలు, కూలరు ఒకటి, సెంటర్ ఫార్వర్డు ఒకటి, అన్నీ కలిపి ఒకే లాటు. పాత ఇనప సామాన్ల వ్యాపారి ఒకాయన వచ్చి అంతా కలియజూసి, సైదులు దగ్గర ఆగి, "ఇది తూకానికి రాదు" అని పెదవి విరిచి పోయాడు. పోశెట్టి తన స్కూటరుకు టైర్లు కొందామని దాచుకున్నది ఇచ్చి లాటు మొత్తం ఇంటికి తెచ్చుకున్నాడు. కూలరును చూసి అతని భార్య నెత్తి కొట్టుకుంది. సైదులును చూసి అన్నం పెట్టింది.

మరుసటి ఆదివారం సిరివరంతో మ్యాచ్. కండెమ్ అయిన సామాను వాడకానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు గనక, పోశెట్టి ఎవరినీ అడగలేదు. అకౌంట్స్ సెక్షను పంపిన పేర్లలో కూడా సైదులు పేరు లేదు. పనికిరానివాటి పేర్లు వాళ్ళు రాయరు.

సైదులు మొదటి అరగంట ఆయాసపడ్డాడు. పొట్ట అడ్డం వచ్చింది. ఒక సులువైన బంతిని తన్నబోయి బోర్లా పడ్డాడు. పోశెట్టి కళ్ళు మూసుకున్నాడు. ఆలస్యమైపోయిందేమో, కుర్చీ వీణ్ణి తినేసిందేమో అనుకున్నాడు. తరువాత వాడు లేచి, మోకాళ్ళ మన్ను దులుపుకుని మళ్ళీ పరుగెత్తాడు. కాళ్ళకు పాత సంగతులు ఒక్కొక్కటే గుర్తొస్తున్నట్టుంది. ఆట చివర్లో బంతి కుడికాలికి తగిలింది. వాడు గోలు వైపు తిరిగాడు. గట్టు మీద పల్లీలు నమలడం ఆగింది.

గోల్!

షామియానాలో దామోదరరావుగారు ఎగిరి లేచారు. మన్ను కొట్టుకున్న ఆ మనిషిలో కుర్చీలోని సైదులును ఆయన పోల్చుకోలేదు. ఆయన ఎదురుగా ఈ ఏడు కొత్తగా కొన్న ఖరీదైన గోల్‌కీపరు దండతో కుదురుగా కూర్చుని ఉన్నాడు. "ఎవరయ్యా ఆ కుర్రాడు? ఎవరు? పోశెట్టీ! ఎంత అడుగుతాడో కనుక్కో! ఎంతైనా సరే! రేపే కొనేద్దాం!"

ఫణీంద్ర అప్పటికే ఫోను తీశాడు. టచ్‌లైన్ దగ్గర అంకూస్ చెయ్యి అలవాటు కొద్దీ తెల్లరంగు డబ్బా మీదికి పోయింది. పోశెట్టి పరుగున షామియానాలోకి వచ్చి, జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి, విప్పి చైర్మన్‌గారి ముందు పెట్టాడు.

"ఆడు పనికిరాడు సార్."

"ఎవరన్నారు?"

"మీరే సార్. గిది మీ సంతకమే."

దామోదరరావుగారు కళ్ళజోడు పెట్టుకున్నారు. మైదానంలో జనం సైదులును భుజాల మీదికి ఎత్తుకుంటున్నారు. ఆయన ఒకసారి అటు చూశారు, ఒకసారి కాగితం వైపు చూశారు. సంతకం పెద్దదే, అందమైనదే, చివర రెండు గీతలున్నాయి. ఉద్యోగమంతటిలో ఆయన ఎన్నడూ తన సంతకాన్ని తాను కాదన్నది లేదు. కళ్ళజోడు తీశారు.

"నిజమే" అన్నారు దిగులుగా. "పనికిరానివాడే. పాపం, ఆడుకోనీ."